ఒకే సర్వర్, రకరకాల కంప్యూటర్లు: ఆఫీసు ఫైల్ షేరింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో డీటీపీ సెంటర్లకు, ప్రింటింగ్ ప్రెస్సులకు, ఆడిటర్ల ఆఫీసులకు నెట్‌వర్క్ పని చేసిపెడుతుంటాను. నేను వెళ్లే చోట్ల దాదాపు ఒకే దృశ్యం: డిజైనర్ ముందు మ్యాక్, అకౌంట్స్ టేబుల్ మీద విండోస్ 11, కొత్తగా చేరిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, కటింగ్ మెషీన్ పక్కన దుమ్ముపట్టిన విండోస్ ఎక్స్‌పీ. వీటన్నిటికీ కలిపి ఓ మూల ఒక నాస్ పెట్టె, అంటే నెట్‌వర్క్ మీద అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. ఇన్ని రకాలున్నా అందరికీ ఒకే ఫోల్డర్ కనపడాలి. ఫోన్‌లో నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాస్ కొనాలా? ఉన్న విండోస్ కంప్యూటర్‌లోనే ఫోల్డర్ షేర్ చేస్తే సరిపోదా?

ముగ్గురు నలుగురు ఉన్న ఆఫీసుకు సరిపోతుంది. కానీ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి సాయంత్రం షట్‌డౌన్ చేసి వెళ్లిపోతే మిగతావాళ్ల పని ఆగిపోతుంది. అప్‌డేట్ కోసం అది రీస్టార్ట్ అయినా అంతే. పైగా విండోస్ 10, 11 మామూలు ఎడిషన్లు ఒకేసారి 20 కనెక్షన్లకు మించి తీసుకోవు. అయిదుగురు దాటితే రెండు డిస్కుల నాస్ పెట్టుకోమని చెబుతాను. దానికి చిన్నదైనా సరే యూపీఎస్ తప్పనిసరి. ఫైల్ రాస్తుండగా కరెంటు పోవడం ఏ డిస్కుకీ మంచిది కాదు.

విండోస్‌కు ఒక పద్ధతి, మ్యాక్‌కు ఒక పద్ధతి, లైనక్స్‌కు ఒక పద్ధతి పెట్టాలా?

ఒకప్పుడు అలాగే పెట్టేవాళ్లు. విండోస్‌కు ఎస్ఎంబీ, ఆపిల్‌కు ఏఎఫ్‌పీ, యూనిక్స్ యంత్రాలకు సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్. ఇప్పుడు ఆ అవసరం లేదు. 2013లో వచ్చిన మావెరిక్స్ నుంచి మ్యాక్ కూడా ముందుగా ఎస్ఎంబీనే వాడుతోంది. లైనక్స్ వైపు సాంబా ఉంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో రాయడం మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేరే ఇవాళ మార్కెట్లో దొరికే చాలా నాస్ పెట్టెల్లో పనిచేస్తోంది. ఆయన ముందు పెట్టిన పేరుకు ట్రేడ్‌మార్క్ అడ్డం వచ్చింది. ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరుసలో ఉన్న మాటల కోసం డిక్షనరీలో వెతికితే సాంబా దొరికింది.

కాబట్టి నాస్‌లో ఎస్ఎంబీ ఒక్కటే ఆన్ చేయండి, మిగతావి ఆఫ్‌లో ఉంచండి. పాత యంత్రాలకు మాత్రం ఒక మినహాయింపు ఉంది, అది కింద ఎక్స్‌పీ దగ్గర చెబుతాను. ఒకే ఫోల్డర్‌ను రెండు మూడు పద్ధతుల్లో తెరిచి పెడితే ఫైల్ లాకులు ఒకదానికొకటి తెలియక, ఇద్దరు ఒకే ఫైల్ మీద రాసుకునే ప్రమాదం ఉంది.

విండోస్ నుంచి ఎలా కలపాలి?

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, పైన అడ్రస్ రాసే చోట \\192.168.1.20 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ అంకెల స్థానంలో మీ సర్వర్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, రాయాలి. యూజర్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి సర్వర్‌లో మీకోసం తయారుచేసినవి, మీ కంప్యూటర్‌వి కావు. లోపల ఫోల్డర్ కనపడగానే దానిమీద రైట్ క్లిక్ చేసి ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ఎంచుకుంటే జెడ్ డ్రైవ్‌లాగా ఉండిపోతుంది. ఆఫీసులో అందరికీ ఒకే అక్షరం పెట్టండి. ‘జెడ్‌లో చూడు’ అంటే అందరికీ ఒకే చోటు అని అర్థం కావాలి.

ఎడమవైపు ‘నెట్‌వర్క్’ నొక్కితే సర్వర్ కనపడలేదని కంగారు పడొద్దు. ఆ జాబితా ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. అడ్రస్ కొడితే తెరుచుకుంటోందంటే అంతా బాగున్నట్టే.

పాస్‌వర్డ్ కరెక్ట్‌గానే కొడుతున్నాను, తీసుకోవట్లేదు. ఎందుకు?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. మూడు కారణాలు చూడండి.

మొదటిది పిన్. రోజూ కంప్యూటర్ తెరిచే నాలుగంకెల పిన్ ఆ యంత్రం వరకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. ముఖ్యంగా సర్వర్‌గా వాడుతున్నది మామూలు విండోస్ కంప్యూటర్ అయితే, దాని యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి అసలు పాస్‌వర్డే మర్చిపోయి ఉంటారు. అలాంటి చోట షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ను తయారుచేసి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టండి. అయిదు నిమిషాల పని.

రెండోది పాత పాస్‌వర్డ్ గుర్తుండిపోవడం. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, సర్వర్ పేరుతో ఉన్నవన్నీ తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

మూడోది కాస్త చిక్కుది. విండోస్ ఒక సర్వర్‌కు ఒకేసారి ఒక్క యూజర్ పేరుతోనే కలుస్తుంది. అకౌంట్స్ ఫోల్డర్ ఒక పేరుతో, డిజైన్ ఫోల్డర్ ఇంకో పేరుతో తెరవాలని చూస్తే 1219 అనే ఎర్రర్ వస్తుంది. దీనికి సరైన మందు ఒకటే: ఆ మనిషికి ఒకే యూజర్ ఉంచి, రెండు ఫోల్డర్లకూ ఆ యూజర్‌కే అనుమతి ఇవ్వడం.

విండోస్ 11 అప్‌డేట్ తర్వాత సర్వర్ తెరుచుకోవడం మానేసింది. నిన్నటిదాకా పాస్‌వర్డే అడగలేదు.

పాస్‌వర్డ్ అడగకపోవడమే ఇక్కడ అసలు సమస్య. ఇన్నాళ్లూ మీ ఆఫీసు గెస్ట్‌గా లోపలికి వెళ్తోంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో ప్రో ఎడిషన్‌లో రెండు మార్పులు జరిగాయి. గెస్ట్ ప్రవేశం ఆగిపోయింది. దాంతోపాటు సర్వర్‌తో జరిగే ప్రతి సంభాషణకూ డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. ఆ సంతకానికి మూలం పాస్‌వర్డ్. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు, ఇక సంతకం ఎక్కడిది?

పాలసీ మార్చి, పాత గెస్ట్ పద్ధతిని తిరిగి తెచ్చే చిట్కాలు వీడియోల్లో బోలెడు దొరుకుతాయి. దయచేసి చేయకండి. ఒక్కొక్కరికీ సర్వర్‌లో ఒక యూజర్ ఇవ్వండి. పదిమంది ఉన్న ఆఫీసులో అరగంట పట్టే పని అది. ఆ తర్వాత ఫైల్ ఎవరు మార్చారో, ఎవరు తీసేశారో లాగ్‌లో తెలుస్తుంది, ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి కనపడకుండా పెట్టవచ్చు. ఎక్కడ ఏ సర్వర్ పెట్టినా నేను మొదట పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

మ్యాక్ నుంచి?

ఫైండర్‌లో ఉండగా కమాండ్, కె కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఎస్ఎంబీ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదలకుండా ://192.168.1.20 రాయండి. ప్లస్ గుర్తు నొక్కితే ఆ అడ్రస్ గుర్తుండిపోతుంది. రోజూ దానంతటదే రావాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో లాగిన్ ఐటమ్స్‌లోకి ఆ ఫోల్డర్‌ను చేర్చండి.

మ్యాక్ ఒకటి చేరగానే విండోస్ వాళ్లు ‘ఈ చిన్న చిన్న ఫైళ్లు ఏంటి, వైరసా?’ అని అడుగుతారు. చుక్కతో మొదలయ్యే డీఎస్ స్టోర్ ఫైల్ ప్రతి ఫోల్డర్‌లో తయారవుతుంది. అందులో ఐకాన్లు ఎలా అమర్చి ఉన్నాయన్న వివరం తప్ప ఏమీ ఉండదు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలై అసలు ఫైల్ పేరే ఉన్నవి కూడా అలాంటివే, మ్యాక్ తన అదనపు సమాచారం పెట్టుకునేవి. వైరస్ కాదు. సర్వర్ సెట్టింగుల్లో వీటిని విండోస్ వాళ్లకు కనపడకుండా దాచే వీలుంటుంది.

ఉబుంటు, ఇతర లైనక్స్ నుంచి?

ఫైల్స్ యాప్‌లో నెట్‌వర్క్ అనే చోట, పాత వెర్షన్లలో అయితే అదర్ లొకేషన్స్‌లో, కింద అడ్రస్ రాసే గడి ఉంటుంది. మ్యాక్‌లో రాసిన అడ్రసే అక్కడా పనిచేస్తుంది. అప్పుడప్పుడు ఫైల్ తీసుకోవడానికి ఇది చాలు. రోజంతా పనిచేయాలంటే మాత్రం సిఫ్స్ యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే సెట్టింగుల ఫైల్‌లో రాసి శాశ్వతంగా మౌంట్ చేసుకోండి, అంటే ఆ ఫోల్డర్ ఎప్పుడూ కలిసే ఉండేలా. పాస్‌వర్డ్‌ను ఆ ఫైల్‌లోనే రాయొద్దు, దాన్ని ఎవరైనా చదవగలరు. విడిగా ఒక ఫైల్‌లో రాసి, అది రూట్‌కు, అంటే లైనక్స్ అడ్మిన్‌కు, మాత్రమే కనపడేలా పర్మిషన్ పెట్టండి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కానీ సేవ్ కావట్లేదంటే, మౌంట్ చేసేటప్పుడు మీ యూజర్ నంబర్ (యూఐడీ) ఇవ్వడం మర్చిపోయారేమో చూడండి.

మా కటింగ్ మెషీన్ ఎక్స్‌పీ మీదే నడుస్తుంది. దాన్ని సర్వర్‌కు కలపాలి.

ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదనీ, కొత్త మెషీన్ కొనాలంటే లక్షలనీ నాకు తెలుసు. ఎక్స్‌పీని తీసేయమని అనను. కానీ ఎక్స్‌పీకి వచ్చింది ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. దానికోసం నాస్‌లో ఆ వెర్షన్ ఆన్ చేస్తే, ఆ ఒక్క యంత్రం కోసం ఆఫీసు మొత్తం తలుపు తీసిపెట్టినట్టు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై రాన్సమ్‌వేర్ దాడి 2017 మే 12న మొదలై, ఈ తలుపులోంచే ప్రపంచమంతా పాకింది. మనదగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ దానికి విరుగుడు ప్యాచ్‌ను రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను డిఫాల్ట్‌గా ఇవ్వడమే మానేశారు. సాంబా కూడా 2019లో అదే పని చేసింది.

నేను చేసే పద్ధతి ఇది. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ పూర్తిగా ఆపేస్తాను. నాస్‌లో ‘కటింగ్’ అని ఒక చిన్న ఫోల్డర్ పెట్టి, దాన్ని మాత్రమే చూడగలిగే యూజర్‌ను, ఎఫ్‌టీపీ అనే వేరే ఫైల్ బదిలీ పద్ధతిలో, తయారుచేస్తాను. ఆ యూజర్ చదవగలడు, రాయలేడు. డిజైనర్ ఫైల్‌ను అందులో పడేస్తాడు, ఎక్స్‌పీ దగ్గరున్నతను తీసుకుంటాడు. ఎక్స్‌పీకి ఏం పట్టినా ఆ యూజర్ ద్వారా అది మిగతా ఫోల్డర్ల దాకా పాకే దారి ఉండదు. స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్‌లోకి పంపే పాత జిరాక్స్ మెషీన్లకూ ఇదే ఏర్పాటు. కాకపోతే స్కానర్‌కు దాని సొంత ఫోల్డర్ ఒకటిచ్చి, అందులో రాసే అనుమతి ఇవ్వాలి.

నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు. ఏమీ మార్చలేదు.

మీరు మార్చి ఉండరు, రౌటర్ మార్చి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ సర్వర్‌కు కొత్త ఐపీ ఇచ్చేస్తుంది. నిన్న 20, ఇవాళ 27. రౌటర్ సెట్టింగుల్లో సర్వర్‌కు ఒకే ఐపీ రిజర్వ్ చేసి పెడితే ఈ బాధ పోతుంది.

అది కాకపోతే వైఫై చూడండి. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్న రౌటర్ ఇంకొకటి ఉండి, రెండూ వేర్వేరు వైఫైలు ఇస్తుంటాయి. ల్యాప్‌టాప్‌కు 192.168.0 తో మొదలయ్యే ఐపీ, సర్వర్‌కు 192.168.1 తో మొదలయ్యేది ఉంటే రెండూ వేర్వేరు వీధుల్లో ఉన్నట్టు. గెస్ట్ వైఫైలో ఉన్నా సర్వర్ అందదు. విండోస్‌లో మీ నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని పడి ఉంటే ‘ప్రైవేట్’‌కు మార్చండి. షేర్ చేస్తున్న కంప్యూటర్ విండోస్‌ది అయితే ఇది మరీ ముఖ్యం.

పెద్ద ఫైల్ కాపీ చేస్తే చాలాసేపు పడుతోంది. నాస్ మార్చాలా?

ముందు కేబుల్ చూడండి. ఒక ప్రెస్‌లో నాస్ పాతదైపోయిందని, కొత్తది కొనడానికి కొటేషన్ కూడా తెప్పించుకున్నారు. కాపీ వేగం చూస్తే సెకనుకు 11 ఎంబీ దగ్గర కదలకుండా నిలబడింది. అంకె అలా ఒకేచోట ఆగిపోతే అది డిస్కు తప్పు కాదు. 100 ఎంబీపీఎస్ లింకు (ఇక్కడ ఎంబీ అంటే మెగాబిట్లు, మెగాబైట్లు కావు) ఇవ్వగలిగింది అంతే. వంగి స్విచ్ చూస్తే మిగతా పోర్టులకు పచ్చ లైటు, నాస్ పోర్టుకు మాత్రం నారింజ లైటు. ప్లగ్గు పీకి వెలుతురులో పట్టుకుంటే ఎనిమిది వైర్లలో గోధుమరంగు జత చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయి ఉంది. గిగాబిట్‌కు ఎనిమిది వైర్లూ కావాలి, నాలుగుతో 100 మాత్రమే నడుస్తుంది. కొత్త ప్లగ్గు క్రింప్ చేశాక అదే నాస్ సెకనుకు 108 ఎంబీ ఇచ్చింది. 10 జీబీ ఫ్లెక్సీ ఫైల్ పావుగంట నుంచి నిమిషంన్నరకు దిగింది. ఖర్చు ఒక ప్లగ్గు.

తెలుగులో ఫైల్ పేర్లు పెట్టొచ్చా?

తప్పకుండా పెట్టొచ్చు, పెట్టుకోవాలి కూడా. ‘ఫైనల్ ఫైనల్ 3’ కంటే ‘పెళ్లిపత్రిక గుడివాడ’ అన్న పేరు ఆర్నెల్ల తర్వాత వెతికినా దొరుకుతుంది. కానీ రకరకాల కంప్యూటర్లు కలిసినచోట తెలుగుకు సొంత చిక్కులు కొన్ని ఉన్నాయి. వీటి గురించి వివరంగా రాసినవి తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది పొడవు. విండోస్‌లో ఫైల్ పేరు పరిమితి 255 అక్షరాలు. లైనక్స్ మీద నడిచే నాస్‌లో 255 బైట్లు. ఇంగ్లీషుకు రెండూ ఒకటే. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, గుణింతం, పొల్లు, ఒత్తు అక్షరం దేనికదే లెక్క. ‘లక్ష్మి’ అని రాస్తే కంటికి రెండక్షరాలు, సర్వర్‌కు 21 బైట్లు. అంటే మొత్తం పేరుకు 85 గుర్తులు దాటకూడదు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లలో కొన్ని నాస్‌లకు ఈ హద్దు 143 బైట్లకు, అంటే 47 గుర్తులకు పడిపోతుంది. వధూవరుల పేర్లు, ఊళ్లు, తేదీ అన్నీ కలిపి పెట్టిన పేరు డెస్క్‌టాప్ మీద బాగానే ఉండి, సర్వర్‌లోకి లాగితే ఎర్రర్ వచ్చేది ఇందుకే. పేరు కుదించండి, ఎక్కేస్తుంది.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో ‘ై’ గుర్తును రెండు విధాలుగా దాచవచ్చు. మొత్తం ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం, దాని కింద గుర్తు కలిపి రెండుగా ఇంకొకటి. తెరమీద తేడా కనపడదు. పాత మ్యాక్ డిస్కులు ఫైల్ పేర్లను రెండో విధంగా విడదీసి దాచేవి. అలాంటి మ్యాక్‌లో జిప్ చేసిన ఫోల్డర్‌ను లైనక్స్ సర్వర్‌లో విప్పితే ‘కైకలూరు’ అనే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనపడతాయి. ఒకదాంట్లో పాతవి, ఒకదాంట్లో కొత్తవి. వెతికితే ఒకటే దొరుకుతుంది. ఇలా జరిగితే రెండో దాంట్లోవి మొదటిదాంట్లోకి మార్చి, ఖాళీదాన్ని తీసేయండి.

మూడోది కనపడని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడడానికి కీబోర్డ్ ఒక కనపడని గుర్తు పెడుతుంది. ఒకరు అది పెట్టి, ఒకరు పెట్టకుండా టైప్ చేస్తే పేర్లు వేరైపోతాయి. అందుకే అందరూ వాడే పెద్ద ఫోల్డర్లకు పొల్లు లేని తేలిక మాటలు పెట్టమంటాను. షేర్ పేరు మాత్రం, అంటే అడ్రస్‌లో కొట్టేది, ఖాళీలు లేని ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి.

ఇక ప్రశ్నార్థకం, నక్షత్రం, డబుల్ కోట్ గుర్తు విండోస్ ఒప్పుకోదు, మ్యాక్ ఒప్పుకుంటుంది. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్నా విండోస్‌లో అది గజిబిజిగా కనపడుతుంది లేదా తెరుచుకోదు. మ్యాక్ వాడేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

ఒక మాట: అను ఫాంట్లలో చేసిన పేజీ ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనపడితే సర్వర్‌లో ఫైల్ పాడైందని టెన్షన్ పడొద్దు. ఆ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు, అంతే.

ఇద్దరు ఒకే ఫైల్ తెరిస్తే?

వర్డ్, ఎక్సెల్ రెండో మనిషికి ‘చదవడానికి మాత్రమే’ అని చెబుతాయి. చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఏమీ చెప్పవు, చివర సేవ్ చేసినవాళ్లదే నిలుస్తుంది. డిజైన్ ఫైల్ తీసుకునేటప్పుడు పక్కవాళ్లకు ఒక మాట చెప్పడం అలవాటు చేసుకోండి. ట్యాలీ డేటా షేర్‌లో పెట్టి నలుగురూ వాడాలంటే మల్టీ యూజర్ లైసెన్స్ కావాలి, ఆ నాలుగు కంప్యూటర్లూ కేబుల్ మీదే ఉండాలి. ఎంట్రీ మధ్యలో వైఫై తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

సర్వర్‌లో పొరపాటున డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్‌లో లేదు.

ఉండదు. నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి తీసేసింది మీ కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఒక చోట ఒకమ్మాయి ఆరు నెలల ఆల్బమ్ ఫోల్డర్ తీసేసి, డెస్క్‌టాప్ మీద బిన్ తెరిచి అది ఖాళీగా ఉండడం చూసి ఏడ్చేసింది. ఆమె తప్పేమీ లేదు, సర్వర్ పెట్టినవాళ్లు ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. అదృష్టం కొద్దీ నాస్‌లో స్నాప్‌షాట్లు, అంటే ఆ సమయానికి ఫోల్డర్లు ఎలా ఉన్నాయో దాచే ప్రతులు, ఆన్ అయి ఉన్నాయి, ఉదయం తొమ్మిదింటి ప్రతి దొరికింది.

నాస్‌లో ప్రతి షేర్‌కు రీసైకిల్ బిన్ ఆప్షన్ ఉంటుంది, ఈరోజే ఆన్ చేయండి. స్నాప్‌షాట్లు ఉంటే రోజుకు రెండుసార్లు పెట్టండి. రెండు డిస్కుల్లో ఒకటే డేటా ఉందని ధైర్యంగా ఉండొద్దు. మీరు డిలీట్ చేస్తే రెండింటిలోనూ పోతుంది, రాన్సమ్‌వేర్ వస్తే రెండూ లాక్ అవుతాయి. వారానికోసారి యూఎస్‌బీ డిస్కులోకి కాపీ తీసి, దాన్ని పీకి ఇంటికి తీసుకెళ్లండి.

ఇంటి నుంచి, లేదా అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచి ఈ ఫోల్డర్ చూడగలడా?

చూడగలడు, వీపీఎన్ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే తాళం వేసిన దారి ద్వారా. రౌటర్‌లో 445 పోర్ట్ తెరిచి ఎస్ఎంబీని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. వానాక్రై వెతికింది ఆ పోర్టునే. నాస్‌లో వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ పెడితే అబ్బాయి ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉన్నట్టే కలుస్తుంది. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, అలాంటప్పుడు టెయిల్‌స్కేల్ తేలిక. ఫొటోలు, పీడీఎఫ్‌లకు బాగుంటుంది, జీబీల కొద్దీ డిజైన్ ఫైళ్లకు ఓపిక కావాలి.

ఫోన్ నుంచి?

ఐఫోన్‌లో 2019 నుంచి ఫైల్స్ యాప్‌లోనే ‘కనెక్ట్ టు సర్వర్’ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఎస్ఎంబీ ఉన్న ఫైల్ మేనేజర్ యాప్ వేసుకోవాలి. ఫోన్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి.

మనిషి ఉద్యోగం మానేస్తే ఏం చేయాలి?

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే అందరి కంప్యూటర్లలోనూ మార్చాలి, కాబట్టి ఎవరూ మార్చరు. రెండేళ్ల కిందట మానేసినవాళ్ల ల్యాప్‌టాప్ ఇప్పటికీ తెరుచుకునే ఆఫీసులు చూశాను. ఒక్కొక్కరికీ సొంత యూజర్ ఉంటే ఆ సాయంత్రమే ఆ ఒక్క యూజర్‌ను డిజేబుల్ చేస్తే చాలు. డిలీట్ చేయొద్దు, ఆ పేరుమీద ఉన్న ఫైళ్ల యాజమాన్యం ఇంకొకరికి మార్చేదాకా అలాగే ఉంచండి. వీపీఎన్ ఇచ్చి ఉంటే అది కూడా అదే రోజు తీసేయండి.